కండువా మార్చుకోండి, సీటు మాత్రం ఇచ్చిపోండి

నల్గొండ జిల్లా నకిరేకల్‌లో 2018 అసెంబ్లీ ఎన్నికల్లో ప్రధాన పోటీ ఇద్దరి మధ్య జరిగింది. టీఆర్ఎస్ నుంచి సిట్టింగ్ ఎమ్మెల్యే వేముల వీరేశం, కాంగ్రెస్ నుంచి చిరుమర్తి లింగయ్య. లింగయ్య గెలిచారు. 2023లోనూ పోటీ ఆ ఇద్దరి మధ్యే. కాకపోతే కాంగ్రెస్ నుంచి వీరేశం నిలబడ్డారు, అప్పటికి బీఆర్ఎస్‌గా పేరు మారిన పార్టీ నుంచి లింగయ్య నిలబడ్డారు. వీరేశం 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) వైపు కృష్ణ ఒడ్డున కొల్లాపూర్‌లోనూ అచ్చం ఇదే జరిగింది. 2018లో టీఆర్ఎస్ మంత్రిగా ఉన్న జూపల్లి కృష్ణారావును కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్ రెడ్డి 12 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. 2023 వచ్చేసరికి జూపల్లి కాంగ్రెస్, బీరం బీఆర్ఎస్. జూపల్లి దాదాపు 30 వేల మెజారిటీతో గెలిచి మళ్లీ మంత్రి అయ్యారు.

ఈ రెండు నియోజకవర్గాల గురించి మాట వచ్చినప్పుడల్లా మా దగ్గర వినపడేది ఒకటే: "అందరూ అందరే. అటోళ్లు ఇటు, ఇటోళ్లు అటు." నేను ఈ మాటను ఒప్పుకోను. నలుగురూ పార్టీ మారారు, నిజమే. కానీ నలుగురూ ఒకే పని చేయలేదు. వీరేశం, జూపల్లి మారినప్పుడు వాళ్లు ఎమ్మెల్యేలు కారు, ఓడిపోయి ఉన్నారు. లింగయ్య, బీరం మారినప్పుడు ఎమ్మెల్యేలు. ఒక జత తమ మనుషులను, తమ బలగాన్ని తీసుకుని వెళ్లారు. రెండో జత వాటితోపాటు మా ఓటును కూడా తీసుకుని వెళ్లారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టినంత కాలం ఫిరాయింపు అనే జబ్బుకు మందు దొరకదని నా గట్టి అభిప్రాయం.

నాది నకిరేకల్ పక్క ఊరు. మా అక్కను కొల్లాపూర్ దగ్గరి ఊరికి ఇచ్చారు. అందుకని రెండు చోట్లా ఎన్నికల మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. 2019లో రెండు చోట్లా ఒకేసారి ఎమ్మెల్యేలు పార్టీ మారినప్పుడు మా బావ ఫోన్‌లో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "బామ్మర్దీ, ఎవలను ఓడగొట్టనీకె ఏసినమో ఆల్లింట్లనే పోయి కూసున్నడు. ఇగ మేమేసిన ఓటు ఎవలకు పడ్డట్టు?" ఆయన మామిడి రైతు, ఏ పార్టీ మనిషీ కాదు. ఇంత సూటి ప్రశ్న నేను ఏ టీవీ చర్చలోనూ వినలేదు.

మా ఇంటి వెనక ఒకాయన ఉంటాడు. నాలుగెకరాల నిమ్మతోట, కాయ దిగుబడి బాగున్న రోజుల్లో తెల్లారకముందే నకిరేకల్ నిమ్మ మార్కెట్‌కు బస్తాలతో బయల్దేరతాడు. చిన్నప్పటి నుంచీ కాంగ్రెస్. 2018లో మా బూత్‌లో ఆ పార్టీ పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు. పొద్దున మిషన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే మాక్ పోల్ నుంచి సాయంత్రం మిషన్లకు సీలు వేసేదాకా కుర్చీ కదల్లేదు. ఓటర్ల జాబితాలో వచ్చిన ప్రతి పేరుకూ ఎర్ర పెన్నుతో గీత పెట్టుకున్నాడు. చివర్లో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సీ కాపీ తీసుకుని, మడత పెట్టి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. ఎదుటి పార్టీ ఏజెంటు ఎవరో కాదు, స్వయానా ఆయన తోడల్లుడు. ఆ ఎన్నికల పుణ్యమా అని రెండిళ్ల మధ్య కొన్నాళ్లు మాటల్లేవు.

కొన్ని నెలలకే ఎమ్మెల్యే పార్టీ మారారు. ఊళ్లో కాంగ్రెస్ వాళ్లు రెండుగా చీలారు. సగం మంది ఎమ్మెల్యే వెంట పోయారు. టీఆర్ఎస్‌లో అప్పటికే ఉన్నవాళ్లు "మేం జెండా మోసినోళ్లం, మీరు నిన్నగాక మొన్న వచ్చినోళ్లు" అన్నారు. ఒకే పార్టీలో పాతోళ్లు, కొత్తోళ్లు అని రెండు వర్గాలు. ఫ్లెక్సీలు కూడా రెండు రకాలు, ఒకదాని మీద ఎమ్మెల్యే ఫొటో, ఇంకోదాని మీద మాజీ ఎమ్మెల్యే ఫొటో, రెంటి మీదా ముఖ్యమంత్రి ఒక్కరే. 2023లో టికెట్ సిట్టింగ్‌కే వచ్చింది. వీరేశం కాంగ్రెస్‌లోకి వచ్చారు, ఆయన వెనకే మా నిమ్మతోట ఆయన తోడల్లుడూ వచ్చాడు. నిమ్మతోట ఆయన మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. 2018లో ఎవరిని ఓడించడానికి పొద్దంతా కుర్చీలో కూర్చున్నాడో, 2023లో ఆయన్ను గెలిపించడానికి అదే బూత్‌లో కూర్చున్నాడు. ఓ రోజు నాతో అన్నాడు: "నేను యాడికీ పోలే. నా సుట్టూతా ఉన్నోళ్లే తిరిగిర్రు."

ఆయన ఎవరినీ తిట్టలేదు. కానీ ఆ గొంతులో ఉన్న అవమానం నాకు తెలిసింది. ఊళ్లో జెండా మోసేవాడికి జీతం ఉండదు, పదవి ఉండదు. వాడికి ఉన్నదల్లా "మేం ఫలానా పార్టీ" అనే ఒక్క మాట. ఎమ్మెల్యే సీటుతో సహా గడప దాటినప్పుడు వాడి దగ్గర ఆ మాట కూడా మిగలదు.

ఒక సంగతి చాలామంది గమనించలేదు. లింగయ్య 2009లో కాంగ్రెస్ నుంచి గెలిచారు, 2014లో వీరేశం చేతిలో ఓడారు. ఓడిన ఆ కాలమంతా పార్టీని వదల్లేదు. బీరం హర్షవర్ధన్ రెడ్డి కూడా 2014లో కాంగ్రెస్ నుంచే జూపల్లి చేతిలో ఓడారు, ఆయనా వదల్లేదు. అధికారం లేని రోజుల్లో, కేసులు, ఖర్చులు భరిస్తూ ఓడిన పార్టీలో ఉండటం చిన్న విషయం కాదు. అది వాళ్ల నిబద్ధతే, అందులో నాకు అనుమానం లేదు. మరి అంత కష్టకాలంలో మారనివాళ్లు, గెలిచిన తర్వాత ఏడాది తిరక్కముందే ఎందుకు మారారు?

ఓడినవాడి దగ్గర తీసుకెళ్లడానికి ఏమీ ఉండదు కాబట్టి. గెలిచినవాడి దగ్గర సీటు ఉంటుంది. అధికార పార్టీకి కావలసింది ఆ సీటు, అసెంబ్లీలో ఎదుటి వరుసలో ఒక తల తగ్గడం. అంటే ఇక్కడ బేరం జరిగేది మనిషి గురించి కాదు, ఆ నియోజకవర్గం ఓటర్లు ఐదేళ్ల కోసం అప్పగించిన వస్తువు గురించి. అది ఆ మనిషి సొంతం కాదు, అమ్ముకునే హక్కు గానీ దానం చేసే హక్కు గానీ ఆయనకు లేవు. అందుకే నా వాదన ఇంతే: పార్టీ మారే స్వేచ్ఛ ప్రతి నాయకుడికీ ఉండాలి, కానీ మారిన క్షణంలో సీటు ఓటరు దగ్గరికి తిరిగి రావాలి.

మా నకిరేకల్ చరిత్రలోనే ఇందుకు మంచి ఉదాహరణ నోముల నర్సింహయ్య. ఆయనకు ముందు నుంచి చెప్తాను. నర్రా రాఘవరెడ్డి గారు 1967లో సీపీఎం నుంచి తొలిసారి గెలిచారు. 1972లో కాంగ్రెస్ చేతిలో ఓడారు. 1978 నుంచి 1994 దాకా వరసగా ఐదుసార్లు, మొత్తం ఆరుసార్లు, అదే సుత్తి కొడవలి నక్షత్రం గుర్తు మీద గెలిచారు. మా నాన్న తరం వాళ్లు ఇప్పటికీ ఆయన పేరు తలచుకుంటారు. ఆయన తర్వాత అదే పార్టీ నుంచి నోముల నర్సింహయ్య 1999లో, 2004లో గెలిచారు. 2009 నాటికి నియోజకవర్గాల పునర్విభజనతో నకిరేకల్ ఎస్సీ రిజర్వుడు అయింది, నోములకు సొంత నియోజకవర్గంలో పోటీ చేసే దారే మూసుకుపోయింది. భువనగిరి లోక్‌సభకు నిలబడి ఓడారు. 2014 ఎన్నికల ముందు టీఆర్ఎస్‌లో చేరారు, నాగార్జునసాగర్‌లో జానారెడ్డి మీద పోటీ చేసి ఓడారు. 2018లో అదే జానారెడ్డిని ఓడించి అసెంబ్లీకి వచ్చారు. 2020 డిసెంబరులో చనిపోయేదాకా ఎమ్మెల్యేగా ఉన్నారు.

జీవితమంతా ఎర్రజెండా కింద పనిచేసిన మనిషి గులాబీ కండువా కప్పుకున్నప్పుడు పాత కామ్రేడ్లు బాధపడ్డారు, కొందరు కోపగించుకున్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆయన ఎవరి ఓటునూ వెంట తీసుకుపోలేదు. ఖాళీ చేతులతో వెళ్లి, కొత్త గుర్తు చూపించి, కొత్త జనాన్ని ఓటడిగి, ఒకసారి కాదనిపించుకుని, రెండోసారి ఔననిపించుకున్నారు. దీన్ని ఫిరాయింపు అనడం న్యాయం కాదు. మనసు మార్చుకోవడం అనొచ్చు, రాజకీయ అవసరం అనొచ్చు.

పార్టీ మారే ఎమ్మెల్యేలందరూ చెప్పే కారణం ఒకటే: నియోజకవర్గ అభివృద్ధి. ఈ మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఎందుకంటే ప్రతిపక్ష ఎమ్మెల్యే పరిస్థితి ఎలా ఉంటుందో ఊళ్లో కళ్లారా చూశాం. కల్యాణలక్ష్మి చెక్కు, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు ఎవరి చేతుల మీదుగా ఇవ్వాలన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. అధికార పార్టీ ఇంచార్జి అని ఒకాయన ఉంటాడు, ప్రజలు ఓడించినవాడే సాధారణంగా ఆ ఇంచార్జి. సిమెంటు రోడ్డు మంజూరు కావాలన్నా, ఎస్సై మాట వినాలన్నా ఆయన్నే అడగాలి. గెలిచినవాడు శిలాఫలకం మీద పేరు కోసం అధికారులతో కొట్లాడుతుంటాడు. దళితబంధు వచ్చిన కొత్తలో లబ్ధిదారుల ఎంపిక కూడా ఎమ్మెల్యేల చేతిలోనే పెట్టారు. ఇలాంటి పద్ధతిలో ఎమ్మెల్యే అధికార పార్టీలో లేకపోతే ఊరికి నష్టమే.

మా బంధువుల్లో ఒక పెళ్లికూతురి చెక్కు నెలల తరబడి ఆగింది. చెక్కు రాసి ఆఫీసులో సిద్ధంగానే ఉంది, పంచే కార్యక్రమం ఎవరు పెట్టాలో తేలక ఆగింది. ఆ పిల్ల తల్లి ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి వేసారిపోయింది. చెక్కు చేతికొచ్చే నాటికి పెళ్లికి చేసిన అప్పు మీద వడ్డీ పెరిగిపోయింది.

కానీ ఈ పద్ధతిని మార్చమని అడగాల్సిన మనిషే దానికి లొంగి అవతలికి పోతే ఎలా? రోడ్డు, పింఛను, చెక్కు ప్రభుత్వం ఇచ్చేవి, పార్టీ ఇచ్చేవి కావు. ఓటేయని ఊరికి రోడ్డు వేయకపోవడం తప్పు అని అసెంబ్లీలో నిలబడి గట్టిగా అడగడానికే కదా ప్రతిపక్ష ఎమ్మెల్యేను గెలిపించింది. ఒక ఎమ్మెల్యే అభివృద్ధి కోసం అని గోడ దూకిన ప్రతిసారీ, అధికార పార్టీకి ఓటేయని జనానికి హక్కుగా ఏదీ రాదు అనే మాటను ఆయనే ఖాయం చేసినట్టవుతుంది.

ఇక చట్టం సంగతి. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో రాజ్యాంగం పదో షెడ్యూలుగా వచ్చింది. మొదట్లో మూడింట ఒక వంతు మంది చీలిపోతే పదవి పోయేది కాదు. 2003లో ఆ వెసులుబాటు తీసేశారు. కానీ మూడింట రెండు వంతుల మంది వేరే పార్టీలో విలీనానికి ఒప్పుకుంటే వేటు పడదు అన్న క్లాజు మాత్రం మిగిలింది. 2018లో కాంగ్రెస్‌కు వచ్చినవి 19 సీట్లు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్గొండ ఎంపీగా గెలిచి జూన్ 5న ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. కాంగ్రెస్ బలం 18 అయింది. 18లో మూడింట రెండు వంతులు 12. మర్నాడే, జూన్ 6న, 12 మంది ఎమ్మెల్యేలు తమను టీఆర్ఎస్ శాసనసభాపక్షంలో విలీనం చేయమని స్పీకర్‌ను కోరారు, ఆ రోజే విలీనం అయిపోయింది. ఆ 12 మందిలో మా నకిరేకల్ ఎమ్మెల్యే ఉన్నారు, మా బావ వాళ్ల కొల్లాపూర్ ఎమ్మెల్యే ఉన్నారు.

చూడండి, ఉత్తమ్, లింగయ్య ఇద్దరూ ఉమ్మడి నల్గొండ జిల్లా వాళ్లే. ఉత్తమ్ ఒక పదవి వచ్చినప్పుడు చట్టప్రకారం రెండోది వదిలేసి ఉప ఎన్నికకు దారిచ్చారు. ఆ ఉప ఎన్నికలో, అదే ఏడాది అక్టోబరులో, హుజూర్‌నగర్ జనం టీఆర్ఎస్‌ను 43 వేలకు పైగా మెజారిటీతో గెలిపించారు. అంటే అధికార పార్టీ అక్కడ జనం దగ్గరికి వెళ్లి ఓట్లడిగి గెలుచుకుంది. నకిరేకల్‌లో కూడా అడిగి ఉంటే గెలిచేదేమో, ఎవరు చెప్పొచ్చారు? గెలిచి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. మమ్మల్ని అడగలేదన్నదే నా ఫిర్యాదు. విలీనం మీద కాంగ్రెస్ కోర్టుకెళ్లింది, అసెంబ్లీ గడువు ముగిసేదాకా ఆ 12 మందీ ఎమ్మెల్యేలుగానే కొనసాగారు.

"ఐదేళ్ల తర్వాత ప్రజలే తీర్పు చెప్తారు కదా, ఇక చట్టం ఎందుకు?" అనేవాళ్లు ఉన్నారు. నకిరేకల్, కొల్లాపూర్ ఫలితాలు చూపించి, చూశారా శిక్షించారు అంటారు. మరి 2014లో మన వైపే జరిగినవి చూడండి. దేవరకొండలో సీపీఐ నుంచి రవీంద్రకుమార్, మిర్యాలగూడలో కాంగ్రెస్ నుంచి భాస్కర్ రావు, మక్తల్‌లో కాంగ్రెస్ నుంచి చిట్టెం రామ్మోహన్ రెడ్డి గెలిచి, మధ్యలో టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2018లో ముగ్గురూ టీఆర్ఎస్ నుంచి గెలిచారు. 2023లో ముగ్గురూ ఓడారు. ఇప్పుడు చెప్పండి, ప్రజలు ఫిరాయింపును మెచ్చుకున్నారా, శిక్షించారా?

రెండూ కాదని నా లెక్క. సాధారణ ఎన్నికల్లో ఓటరు ముందు ఒక ప్రశ్న ఉండదు, పాతిక ప్రశ్నలు ఉంటాయి. రైతుబంధు పడిందా, కరెంటు వస్తుందా, ముఖ్యమంత్రిగా ఎవరు కావాలి, మన కులపోడు ఎవరు, గాలి ఎటు వీస్తుంది. 2018లో గాలి కారు వైపు వీచింది, మారినవాళ్లు గెలిచారు. 2023లో గాలి చెయ్యి వైపు తిరిగింది, మారినవాళ్లు ఓడారు. అందులో ఫిరాయింపు మీద తీర్పు ఎంత, గాలి ఎంత అని విడదీయడం ఎవరి వల్లా కాదు. పైగా నకిరేకల్‌లో బరిలో ఉన్న ఇద్దరు పెద్ద అభ్యర్థులూ పార్టీ మారినవాళ్లే అయినప్పుడు, ఫిరాయింపును శిక్షించాలనుకున్న ఓటరు ఏ బటన్ నొక్కాలి?

ఆ ప్రశ్నను విడిగా, ఒక్కటిగా అడిగిన సందర్భం మన జిల్లాలో మునుగోడు. మునుగోడు పేరెత్తగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. నేను మాత్రం ఆ ఉప ఎన్నికకు దారితీసిన రాజీనామాను సమర్థిస్తాను. 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచిన కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022 ఆగస్టులో ఆ పార్టీకీ, ఎమ్మెల్యే పదవికీ రాజీనామా చేసి బీజేపీలో చేరారు. కొత్త గుర్తుతో అదే జనం ముందుకు వచ్చారు. నవంబరు 3న పోలింగ్ జరిగింది, 93 శాతం మంది ఓటేశారు. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 10,309 ఓట్లతో గెలిచారు. జనం రాజగోపాల్ రెడ్డికి ఈ గుర్తు మీద వద్దని చెప్పారు. ఏడాది తర్వాత ఆయన తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి అదే మునుగోడులో 40 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. మనిషి అదే, ఊళ్లు అవే. గుర్తు మారితే జవాబు మారింది. ఓటు మనిషికే గానీ పార్టీకి కాదు అని వాదించే ఎమ్మెల్యేలకు మునుగోడు ఓటర్లు ఇచ్చిన సమాధానం ఇది.

అయితే ఆ ఉప ఎన్నిక ఎలా జరిగిందో కూడా దాచుకోకుండా చెప్పాలి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. మునుగోడులో అది ఎవరికీ గుర్తు లేదు. ఊరికో ఎమ్మెల్యే, మండలానికో మంత్రి మకాం వేశారు. చౌటుప్పల్, చండూరు రోడ్ల మీద బండ్ల బారులు. ఓటుకు ఇస్తామన్న డబ్బు అందలేదని కొన్ని ఊళ్లలో జనం నాయకులను నిలదీశారని వార్తలు వచ్చాయి. అవి చదివినప్పుడు సిగ్గుతో తలదించుకున్నాను, నల్గొండ జిల్లావాడిని కాబట్టి ఇంకా ఎక్కువ. 47 మంది అభ్యర్థులు, కారును పోలిన గుర్తుల మీద పంచాయితీలు, రోడ్డు రోలర్ గుర్తు వ్యవహారంలో రిటర్నింగ్ అధికారినే మార్చాల్సి రావడం, ఇవన్నీ అయ్యాయి.

కానీ ఈ డబ్బు పాపం రాజీనామాది కాదు. దాన్ని రాష్ట్ర అధికారానికి సెమీఫైనల్‌గా మార్చిన పార్టీలది. పది మంది ఫిరాయిస్తే పది చోట్ల ఉప ఎన్నికలు తప్పవన్న నియమం ఉంటే, ఏ పార్టీ అయినా పది మునుగోడులను భరించగలదా? భరించలేదు, కాబట్టి ఫిరాయింపులే తగ్గుతాయి. ఉప ఎన్నికల ఖర్చు చూపించి ఫిరాయింపును సమర్థించేవాళ్లు ఈ లెక్క వేయరు. ఇంకో మాట, గట్టుప్పల్ వాళ్లు మండలం కోసం ఏళ్ల తరబడి అడిగారు. రాజీనామా మాటలు గట్టిగా వినపడుతున్న ఆ 2022 జులైలోనే ఆ మండలం వచ్చింది. సీటు ప్రమాదంలో పడితే ప్రభుత్వానికి ఊళ్లు గుర్తొస్తాయి.

రాజీనామా చేసి మారడం పాలమూరుకు కొత్తేం కాదు. తెలంగాణ ఉద్యమ కాలంలో జూపల్లి మంత్రి పదవి, కాంగ్రెస్, ఎమ్మెల్యే పదవి అన్నీ వదులుకుని టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2012 మార్చిలో జరిగిన ఉప ఎన్నికలో కొల్లాపూర్ జనం ఆయన్ను గెలిపించారు. అదే రోజు నాగర్‌కర్నూల్‌లో నాగం జనార్దన్ రెడ్డి టీడీపీని వదిలి, రాజీనామా చేసి, ఇండిపెండెంటుగా నిలబడి గెలిచారు. అంటే కొల్లాపూర్ ఓటరుకు రెండు రకాలూ అనుభవమే. 2012లో అడిగి మారారు, 2019లో అడక్కుండా మారారు.

మన చట్టసభలకు చట్టం మార్చడం చేతకాక కాదు, మనసుంటే ఎంత తొందరగా మార్చగలవో నల్గొండకే బాగా తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిపోయిన మా జిల్లా గోడు ఎవరికీ పట్టడం లేదని జనం వందలాదిగా నామినేషన్లు వేశారు. నల్గొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. చివరికి సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. అదే ఏడాది పార్లమెంటు చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు, అసెంబ్లీ డిపాజిట్‌ను 250 నుంచి 5 వేలకు పెంచింది. ఇండిపెండెంట్లకు పది మంది ప్రతిపాదకులు ఉండాలంది. నీళ్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన జిల్లాకు, డిపాజిట్ పెంపు కోసం కొన్ని నెలలకు మించి ఆగాల్సిన పని లేకపోయింది. మామూలు మనిషి నామినేషన్ వేసి ఇబ్బంది పెడితే అంత చురుగ్గా కదిలిన చట్టం, ఎమ్మెల్యేలు సీటుతో సహా గోడ దూకుతుంటే 2003 తర్వాత కదల్లేదు.

ఎందుకు కదలదంటే, ప్రతి పార్టీకీ ఒకరోజు దాని అవసరం పడుతుంది. 2019లో కాంగ్రెస్ ఏడ్చింది. 2024 ఏప్రిల్‌లో విడుదల చేసిన తన లోక్‌సభ మేనిఫెస్టోలో, ఫిరాయిస్తే దానంతట అదే పదవి పోయేలా పదో షెడ్యూలు సవరిస్తామని రాసింది. చాలా మంచి మాట, చదివి సంతోషించాను. కానీ ఆ ఏడాదే బీఆర్ఎస్ నుంచి గెలిచిన పది మంది కాంగ్రెస్ వైపు వెళ్లారు. వాళ్లమీద వేటు వేయాలని బీఆర్ఎస్ స్పీకర్ దగ్గరకు, అక్కడి నుంచి కోర్టులకు వెళ్లింది. ఆ పది మందిలో పాలమూరు నుంచి గద్వాల ఎమ్మెల్యే బండ్ల కృష్ణమోహన్ రెడ్డి ఉన్నారు. 2025 జులై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. నిన్న ఏడ్చినవాళ్లు ఈ రోజు చేస్తున్నారు, నిన్న చేసినవాళ్లు ఈ రోజు ఏడుస్తున్నారు. ఇద్దరి ఏడుపులోనూ మా ఊరి నిమ్మతోట ఆయన ప్రస్తావన లేదు.

స్పీకర్ కూడా ఒక పార్టీ నుంచి గెలిచిన ఎమ్మెల్యేనే. తన పార్టీకి బలం పెంచే ఫిరాయింపు మీద ఆయనే తీర్పు చెప్పాలనడం, ఏ పార్టీ స్పీకర్ అయినా సరే, ఆయన మీద మోపకూడని భారం. 1992లోనే సుప్రీంకోర్టు స్పీకర్ నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చని చెప్పింది. కానీ నిర్ణయమే తీసుకోకుండా నాన్చితే సమీక్షించడానికి ఏముంటుంది? కాబట్టి ఈ అధికారం ఎన్నికల సంఘానికో, ప్రత్యేక ట్రిబ్యునల్‌కో పోవాలి. ఇన్ని రోజుల్లో తేల్చాలని గడువు చట్టంలోనే ఉండాలి. మూడింట రెండు వంతుల విలీనం క్లాజు పూర్తిగా పోవాలి. ఒక్కడు చేస్తే తప్పయినది పన్నెండు మంది కలిసి చేస్తే ఒప్పు ఎలా అవుతుంది?

"మరి ఎమ్మెల్యేకు మనస్సాక్షి ఉండొద్దా, పార్టీ తప్పు చేసినా నోరు మూసుకోవాలా?" అని ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించాడు. ఈ ప్రశ్న సరైనదే. పార్టీని సభలో విమర్శించడం, ఒక బిల్లుకు వ్యతిరేకంగా ఓటేయడం, దానికి సీటు పోకూడదు. ఇలాగే ఓటేయాలని పార్టీ తన సభ్యులకు ఇచ్చే విప్ అనేది ప్రభుత్వం నిలబడుతుందా పడుతుందా అనే ఓట్లకే పరిమితం చేస్తే చాలు. అసమ్మతి వేరు, అవతలి పార్టీ కండువా కప్పుకోవడం వేరు. మనస్సాక్షి కోసం మారేవాడికి జనం దగ్గరికి తిరిగి రావడానికి భయం ఉండదు కూడా.

చట్టం ఢిల్లీలో మారాలి, అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటుంది. ప్రతి అభ్యర్థీ నామినేషన్‌తో పాటు అఫిడవిట్ ఇస్తాడు, కేసులెన్ని, ఆస్తులెన్ని, అప్పులెన్ని అని. దాంతోపాటు ఊరి సభలో ఇంకో కాగితం మీద సంతకం అడగొచ్చు: "మీ ఓటుతో గెలిచి పార్టీ మారితే, ఆ రోజే రాజీనామా చేస్తాను." కోర్టులో నిలబడే కాగితం కాదని నాకు తెలుసు. కానీ ఊరి పేరు, తేదీ, సంతకం ఉన్న కాగితం బూత్ ఏజెంటు జేబులో ఉంటే, ఎమ్మెల్యే మళ్లీ ఊళ్లోకి వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. ఈ సంగతి నిమ్మతోట ఆయనతో అంటే, ముందు సర్పంచ్ అభ్యర్థులతో రాయించి చూద్దాం అన్నాడు. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కదా అన్నాను. "గుర్తు లేకున్నా ఎవలు ఏ పార్టీనో ఊరందరికీ ఎరికే" అన్నాడు. మా బావ కూడా కొల్లాపూర్ వైపు తన ఊళ్లో అడిగి చూస్తానన్నాడు, రెండు పెద్ద పార్టీల అభ్యర్థులతోనూ ఒకే వేదిక మీద సంతకం పెట్టించాలని ఆయన పట్టు. ఒకరితోనే పెట్టిస్తే ఆ ఒక్కడికే అది ప్రచారం అయిపోతుందని ఆయన భయం. ఆ భయం న్యాయమైనదే, అందుకని కాగితం ఎలా రాయాలో ఇద్దరం కలిసి కూర్చుని రాయబోతున్నాం. మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటిది ఇంతకుముందే చేసి ఉంటే, అందులో ఏం రాశారో నాకు చెప్పండి.